దుర్యోధనుడి చెల్లెలి కోసం బంగారుపాళ్యం దాకా

నాది విశాఖపట్నం. చదివింది ఎలక్ట్రానిక్స్. సెలవు రోజుల్లో పాత స్పూల్ టేపులను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని సరదాగా చేస్తుంటాను. పోయిన ఏడాది తిరుపతి నుంచి ఒక రేకు పెట్టె వచ్చింది. నిండా స్పూళ్లు, ఒక్కోదాని మీద గుండ్రటి అక్షరాలతో చీటీ. పంపినవారు కామాక్షి మేడం. మానవశాస్త్రం బోధించి రిటైరైన ప్రొఫెసర్. యాభై ఏళ్ల కిందట, ఇరవైల్లో ఉండగానే, తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ఒంటరిగా మకాం పెట్టి, అక్కడి మనుషుల ఆచారాలను వాళ్ల మధ్యనే ఉండి రాసిన మొదటి ఆడమనిషి. నాకు అప్పటికి ఆ సంగతి తెలియదు. నాకు కనిపించినవి టేపు మీది బూజు, లోపలి గరగర, టపటపలు.

అన్నీ శుభ్రంగా తుడిచి, ఫైళ్లు పంపాను. రెండో రోజే ఫోన్ వచ్చింది.

"బాబూ, పదకొండో టేపులో భీముడు అరుస్తున్నాడు, ఆడవాళ్లు నవ్వుతున్నారు. దెబ్బలేవీ?"

"ఏ దెబ్బలు మేడం?"

"పొరక దెబ్బలు."

పొరక అంటే మా వైపు చీపురు. టేపులో వరసగా వినిపించిన టపటపలను నేను టేపు లోపమనుకుని, సాఫ్ట్‌వేర్‌తో ఒక్కటి కూడా మిగలకుండా తీసేశాను. ఆ పనికి నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా.

"నువ్వు తీసేసింది నా థీసిస్‌లో నాలుగో అధ్యాయం," అన్నారావిడ, ఏమాత్రం కోపం లేకుండా. "అసలు టేపు భద్రంగా ఉంది కదా? సరే. ఎండాకాలంలో ఆ టేపు తీసిన ఊళ్లో మళ్లీ భారతం పెడుతున్నారు. వచ్చి నీ చెవులతో విని వెళ్లు."

అలా బయలుదేరాను. సంచిలో రికార్డరు, రెండు మైకులు, గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగులు, కొలత టేపు, విడి బ్యాటరీలు, టోపీ. టోపీ ఒక్కటే చివరిదాకా బయటికి తీయలేదు. తీసి ఉండాల్సింది.

రేణిగుంట

రైలు దిగగానే నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తిన మనిషి భీముడు. అసలు పేరు మునిరత్నం. రేణిగుంటలో ఒక గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. వాళ్ల ఊరి భారతంలో తొమ్మిదేళ్లుగా భీముడి వేషం అతనిదే. మేడం పంపితే వచ్చాడు. చేతికి పసుపు కంకణం, కాళ్లకు చెప్పుల్లేవు, మీసం రెండు చెంపల మీదికి పాకి ఉంది. ప్లాట్‌ఫాం కాలిపోతోంది, అతను మాత్రం పచ్చిక మీద నడుస్తున్నట్టు నడిచాడు.

"కంకణం కట్టినాక సెప్పులు ఏసుకోకూడదు సామీ. గోదాములో మా సూపర్‌వైజరు బూట్లు లేకుంటే రానీడు. అందుకే సెలవు పెట్టినా. ఏమని పెట్టినావంటే, దుర్యోధనుణ్ణి సంపాల అని రాసిచ్చినా. సంతకం పెట్టినాడు."

ఆటోలో తిరుపతి వైపు వెళ్తుండగా అడిగాను: చీపురు దెబ్బలు నిజంగా తగులుతాయా?

అతను చొక్కా కాలరు వెనక్కి లాగి మెడ చూపించాడు. ఏమీ కనిపించలేదు. "పోయినేటివి మానిపోయినాయిలే. ఈ ఏడు మాత్రం కొత్తవి పడేట్టు లేవు," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు గొంతులో సంతోషం లేదు.

విషయం ఇది. దక్షిణ రాయలసీమ పల్లెల్లో ధర్మరాజుల గుడి ముందు భారతం పెడతారు. మధ్యాహ్నాలు హరికథ, రాత్రుళ్లు వీధి నాటకం, రోజుల తరబడి. ఆఖరి ఉదయం మైదానంలో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుణ్ణి పడుకోబెట్టి, భీముడి వేషగాడు దాని తొడ పగలగొడతాడు. ఇంతవరకు చాలా ఊళ్లలో ఉన్నదే. మునిరత్నం ఊళ్లో ఇంకో ఘట్టం ఉంది. దుర్యోధనుడు పడగానే అతని చెల్లెలు పొరక పట్టుకుని వచ్చి భీముణ్ణి తరిమి కొడుతుంది. ఇది వేషం కాదు. మునెమ్మ అనే ఆవిడ ఇంట్లో పుట్టిన ఆడబిడ్డే, మామూలు చీరతో వచ్చి కొట్టాలి. దెబ్బలయ్యాక భీముడు ఆమెకు చీర పెట్టి, పసుపు కుంకుమ ఇస్తాడు. ఆమె ఆ చీర తీసుకుంటేనే యుద్ధం ముగిసినట్టు.

ఇన్నేళ్లూ కొట్టింది మునెమ్మ కూతురు నాగమ్మ. ఆమె మొన్నటి చలికాలంలో పోయింది.

"ఆయమ్మ సేత శానా తిన్నా సామీ. ఆఖర్లో మోకాళ్లు పట్టేసినాయి, పరిగెత్తలేక నన్నే కాడికి రమ్మని పిలిసేది. రేయ్ రత్నం, ఈడికి రారా, కొట్టేసి పోతా అని." నవ్వాడు. "ఈ ఏడు కొట్టేవాళ్లు లేరంటే నాకేం, ఈపు మిగిలె. కానీ దెబ్బ పడకుండా సీర ఇయ్యకూడదు. సీర ఇయ్యకుంటే నేను అన్నని కాను గదా. ఒట్టి సంపినోణ్ణి."

తిరుపతి

కామాక్షి మేడం ఇంట్లో ఇడ్లీ, చెనిక్కాయల చట్నీ, అంటే మా పల్లీ చట్నీ, పెట్టారు. మా వైపు చట్నీ ఇడ్లీ పక్కన కూర్చుంటుంది. ఇక్కడ ఇడ్లీ చట్నీలో మునిగిపోతుంది. డెబ్బై దాటిన మనిషి, చిన్న ఆకారం, పెద్ద కళ్లజోడు. మోకాళ్లకు పట్టీలు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల ముఖం మీంచి చూపు తీయరు, అవతలివాళ్లు మాట పూర్తి చేసినా ఇంకో రెండు క్షణాలు ఆగుతారు. ఆ ఖాళీని నింపడానికి మనమే ఇంకేదో చెప్పేస్తాం. ఆవిడ వృత్తిరహస్యం అదేనని నాకు రెండో ఇడ్లీకే అర్థమైంది. అప్పటికే నా జీతం చెప్పేశాను.

బల్ల మీద ఒక ఉక్కు పరికరం ఉంది. రెండు వంకర కాళ్లు, మధ్యలో కొలబద్ద. మా వెర్నియర్ కాలిపర్సుకు పెద్దక్కలా ఉంది. చేతిలోకి తీసుకుని చూస్తుంటే చెప్పారు.

"తలకాయలు కొలిచేది. మా రోజుల్లో మానవశాస్త్రమంటే సగం ఇదే. మద్రాసులో మా గురువుగారు ఇది చేతికిచ్చి, ఆ పల్లెకి వెళ్లి తలలు, ముక్కులు కొలుచుకురా అన్నారు. వెళ్లాను. అరుగు మీద ఆడవాళ్లు కూర్చున్నారు. దీన్ని చూసి మునెమ్మ అనే ఆమె, ఏంది పాపా ఇది, ముందు నీ తలకాయ కొలువు సూద్దాం అంది. కొలిపించుకున్నాను. ఒకరి తర్వాత ఒకరు అందరూ నన్నే కొలిచారు. ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చింది. సాయంత్రానికి ఊరు మొత్తానికి నా తల కొలత తెలుసు, నాకు ఎవరి కొలతా తెలియదు."

మర్నాడు ఆ పరికరాన్ని ట్రంకు పెట్టె అడుగున పడేసి, గురువుగారికి ఉత్తరం రాశారట: తలలు వద్దు, టేపు రికార్డరు పంపండి, వీళ్ల తలల్లోంచి వచ్చే మాటలు కావాలి. ఆయన మూడు నెలలు జవాబు రాయలేదు. తర్వాత రికార్డరు పంపారు. దాన్ని మోయడానికి ఎద్దులబండి కావలసి వచ్చింది.

పెళ్లికాని పిల్ల, ఎవరి చుట్టమూ కాదు. ఊళ్లో ఎక్కడ ఉంటుంది? ఏ ఇంటివాళ్లూ గది ఇవ్వడానికి ధైర్యం చేయలేదు. అప్పుడు మునెమ్మ అందరి ముందు ఆమె చెయ్యి పట్టుకుని, ఇది నా బిడ్డ, ఎవురికన్నా కష్టమా అని అడిగిందట. ఎవరికీ కష్టం లేకపోయింది. రెండేళ్లు ఆ ఇంట్లోనే ఉండి రాసిన పుస్తకం మేడంకు డాక్టరేటు, ఉద్యోగం, పేరు తెచ్చింది. తల్లి కాక చెల్లెలే ఎందుకు కొడుతుంది అనే ప్రశ్న మీద ఆవిడ రాసిన అధ్యాయాన్ని ఇప్పటికీ పాఠంగా చెబుతారు. జవాబు పొట్టిదే: భీముడూ ఆమెకు అన్నే. చనిపోయిన అన్న తరఫున బతికున్న అన్నను నిలదీయగలిగింది చెల్లెలు ఒక్కతే. నిలదీశాక క్షమించగలిగిందీ ఆమే.

ముప్పై ఏళ్ల పాఠాల్లో విద్యార్థులకు మొదటి రోజే మేడం ఒక నియమం చెప్పేవారట. చూడు, విను, రాయి. వేలు పెట్టకు.

"మరి ఈ ఏడు కొట్టేవాళ్లు లేకపోతే?" అన్నాను.

"లేరని రాస్తాం," అన్నారు. అని, చాలాసేపు కాలిపర్సు కాళ్లు తెరుస్తూ మూస్తూ కూర్చున్నారు.

కార్వేటినగరం దాటాక

మర్నాడు కార్వేటినగరం బస్సెక్కాం. పాత కోట గోడ పక్కన జిలేబీ వేస్తున్నారు. సంస్థానం సంగతి నాకు తెలియదు గానీ జిలేబీ మాత్రం రాజుగారి స్థాయిలో ఉంది. అక్కడినుంచి ఇంకాస్త లోపలికి మునిరత్నం ఊరు. మేడం తన పుస్తకంలో ఆ ఊరికి మారుపేరు పెట్టారు. నేను ఆ పేరు కూడా రాయను. ఆఖరి ఉదయం అక్కడ నిలబడడానికి చోటు ఇప్పటికే తక్కువ.

భారతం నడిపించే పెద్దాయన గోపాల్ నాయుడు. తువ్వాలు భుజం మార్చుకుంటూ మాట్లాడతాడు.

"ఆ ఇంట పుట్టిన ఆడబిడ్డ కావాల మేడం. ఇంగ ఉండేది ఒక్కతే, మునెమ్మ కొడుకు కూతురు చెంగమ్మ. బంగారుపాళ్యంలో ఇచ్చినారు. ఫోన్ జేసినాం. రాలేననింది. ఎందుకమ్మా అంటే సెప్పదు. దేనికో అలిగినట్టుండాది."

"కోడలు కొట్టకూడదా నాయుడన్నా?" అన్నాను, పరిష్కారం వెతికే అలవాటు కొద్దీ.

మునెమ్మ ఇంట్లోనే మాకు అన్నం పెడుతున్న కోడలు, అంటే మునెమ్మ మనవడి పెళ్లాం, గరిటె ఆపింది. "నన్ను కొట్టమంటే ఈ రత్నాన్ని ఈపు కాదు, కాళ్లు కూడా ఇరగ్గొట్టేదాన్ని. కానీ ఆ దుర్యోధనుడు నాకేమైతాడు? మామ అవతాడు. మామ పోతే ఏడవాల గానీ తగువుకి పోకూడదు. నా అన్న మా ఊర్లో ఉండాడు, వాణ్ణి ఎవురన్నా ఏమన్నా అంటే అప్పుడు సూడు."

తర్కంలో లోపం దొరకలేదు. రాగి సంగటి ముద్ద, మునగాకు పొరుటు అనే వేపుడు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి. నేను సంగటిని నమలబోతే ముగ్గురు ఒకేసారి ఆపారు. మింగాలట. మూడో ముద్దకు విద్య పట్టుబడింది.

చెంగమ్మ రాకపోతే ఏం చేస్తారని మేడం అడిగారు. గోపాల్ నాయుడు తువ్వాలు మళ్లీ భుజం మార్చాడు. "ఏం సేస్తాం మేడం, ఆ కాడికి నిలిపేస్తాం. ఒక ఏడు నిలిపినామంటే వచ్చే ఏడు ఎవురూ అడగరు. ఆ మాదిరిగా శానా పోయినాయి. రథం పోయింది, పొడుపు కతల పోటీ పోయింది."

ఆ రాత్రి భోజనం తర్వాత మేడం నాతో, "రేపు చిత్తూరు మీదుగా బంగారుపాళ్యం వెళ్దాం," అన్నారు.

"వేలు పెట్టకూడదు కదా మేడం?"

"బస్సెక్కడం వేలు పెట్టడం కాదు. అడగడం. అడగడం నియమంలో ఉంది."

"చూడు, విను, రాయి అన్నారు. అడుగు అనలేదు."

"వినాలంటే అడగొద్దూ?" అని దుప్పటి కప్పేసుకున్నారు.

చిత్తూరు

చిత్తూరు మేడం పుట్టిన ఊరు. బజారు వీధిలో వాళ్ల నాయనగారి కిరాణా కొట్టు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. కొట్టు కుర్రాడు మమ్మల్ని చూసి, "ఏ మోడల్ అవ్వా?" అని అడిగాడు. మేడం లోపలికి తొంగిచూసి, "అక్కడ బెల్లం గోనెలు ఉండేవి," అన్నారు. అతను తిరిగి చూశాడు, నిజంగా ఉన్నాయేమో అన్నట్టు.

"మా నాయన నన్ను ఆపలేదు. కానీ కొట్టుకొచ్చే వాళ్లకి నేనేం చదువుతున్నానో చెప్పలేక చచ్చిపోయేవాడు. మానవశాస్త్రం అంటే డాక్టరా అనేవాళ్లు. కాదంటే మరేందనేవాళ్లు. చివరికి జనాభా లెక్కలు రాస్తా ఉంది అని చెప్పడం మొదలుపెట్టాడు. నా పుస్తకం అచ్చయి వచ్చినప్పుడు రెండు కాపీలు కొట్టులో పెట్టుకున్నాడు. ఒకటి చదవడానికి. ఇంకోటి కందిపప్పు కొనడానికి వచ్చినవాళ్లకు బరువు చూపించడానికి. ఇంత లావు లెక్కలు రాసింది అని."

బస్సుస్టాండు పక్క హోటల్లో ఒక ఓళిగ తిన్నాం. మా వైపు బొబ్బట్టు అరచేయంత ఉంటుంది. ఇది విస్తరాకంత ఉండి, కాగితమంత పల్చగా మడిచి ఇచ్చారు. ఇరవై రూపాయలు. నెయ్యికి వేరే. వేడి తగ్గకముందే తినబోయి నాలుక కాల్చుకున్నాను. బంగారుపాళ్యం వరకు నోరు మెదపలేదు. మేడంకు అది నచ్చినట్టుంది.

బంగారుపాళ్యం

హైవే పొడుగునా మామిడితోటలు, గుజ్జు ఫ్యాక్టరీలు, గేటు ముందు కాయలతో నిండిన ట్రాక్టర్ల వరస. మా వైపు కలెక్టర్ కాయ అనేదాన్ని ఇక్కడ బెంగుళూరా అంటారు. పండిన వాసన రోడ్డు మీద కూడా జిగురుగా అంటుకుంటుంది. చెంగమ్మ పనిచేసే ఫ్యాక్టరీ గేటు దగ్గర పేరు చెప్పి కూర్చున్నాం. భోజనాల వేళ తలకు వల టోపీతో బయటికి వచ్చింది. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటుంది. మేడంను చూసి ముందు నమ్మలేదు, తర్వాత టోపీ పీకేసి పరుగున రాబోయి, ఏదో గుర్తొచ్చినట్టు నెమ్మదించింది.

మేడం ఆ నెమ్మదించడాన్ని చూశారు. నేనూ చూశాను గానీ నాకేమీ అర్థం కాలేదు.

"ఎన్నో నెల?" అన్నారు మేడం.

చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాలుగు. ఐదో నెల వచ్చేదాకా ఎవురికీ సెప్పకూడదని మా అత్త అనింది. రెండుమాట్లు నిలవలేదు గదా. అందుకే ఊరోళ్లకి సెప్పలా. కడుపుతో ఉండే మనిషి సావుకాడికి పోకూడదు. దుర్యోధనుడి సావైనా సావే గదా. రాలేనన్నా, పెట్టేసినా. అలిగింది అనుకున్నారా?"

"అనుకున్నారు."

"అనుకోనీలే. ఇంగొక నెల." నవ్వింది. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా మిఠాయి కొనాలనిపిస్తుంది. నేను గేటు ఎదుటి బండి దగ్గర కోసిన మామిడి ముక్కలు, ఉప్పు కారం చల్లించి తెచ్చాను. పగలంతా మామిడి గుజ్జులో పనిచేసే మనిషికి మామిడి తెచ్చావా అన్నట్టు చూసింది. అయినా అన్నీ తినేసింది.

మేడం ముఖంలో సంతోషం కనబడుతోంది. ఆ వెనకే ఇంకొకటి కూడా. "నువ్వు జాగ్రత్తగా ఉండు. భారతం సంగతి వదిలెయ్యి. ఈ ఏటికి ఆ ఘట్టం లేదని రాసుకుంటాను. అలాంటివి కూడా రాయాలి," అన్నారు.

"ఎందుకు లేదు?"

"ఆ ఇంటి ఆడబిడ్డ ఎవరూ లేరు కదా తల్లీ."

చెంగమ్మ మామిడి ముక్క చేతిలోనే పెట్టుకుని మేడంను వింతగా చూసింది. "మా అవ్వకి ఆడబిడ్డలు ఇద్దరు గదా. సిన్నత్త పోయింది. పెద్దత్తవి నువ్వుండావు."

ఎదుటివాళ్ల కోసం ఆవిడ వదిలే ఆ రెండు క్షణాల ఖాళీ ఈసారి ఆవిడ దగ్గరే ఆగిపోయింది.

"మా ఇంట్లో నీ పేరే ఎవురూ అనరు. పెద్దత్త జాబు పంపించింది, పెద్దత్త ఫోటో పేపర్లో వచ్చింది, అంతే. నాకు పదేళ్లు వచ్చేదాకా నువ్వు మా నాయన సొంత అక్కవనే అనుకున్నా. తెలిసినాక అడిగితే మా అవ్వ సెంప మీద కొట్టింది, సొంతం కాకుంటే ఇంగేంది అని."

"నేను చూడడానికి వచ్చినదాన్ని చెంగీ. కొట్టడానికి కాదు."

"యాభై ఏండ్లు సూసినావు. సాలదా?"

ఫ్యాక్టరీ గంట మోగింది. చెంగమ్మ లేచి టోపీ పెట్టుకుంటూ, చివరి మాటగా అంది: "పొరక తడిపి పట్టుకో అత్తా. ఎండుదైతే పుల్లలు ఇరిగిపోతాయి. సిన్నత్త అట్లనే సేసేది."

తిరుగు బస్సులో మేడం కిటికీ పక్కన కూర్చున్నారు. నేను రెండుసార్లు మాట కలపబోయాను. మూడోసారి ఆవిడే అడిగారు: "తడిపిన పొరక అని నా పుస్తకంలో ఉందా?"

"లేదు మేడం. నేను రెండుసార్లు చదివాను."

"చూశావా," అన్నారు.

మళ్లీ ఆ ఊరు

ఆఖరి ఉదయం. మైదానంలో దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కొలత టేపు తీశాను: తల నుంచి కాలి వేళ్ల దాకా మా ఇంటి పొడవు కంటే ఎక్కువ. పచ్చటి ముఖం, ఎర్రటి పెదవులు, కోడిగుడ్లంత కళ్లు, మీసాలకు కొబ్బరి పీచు. కుడి తొడలో ఎర్రనీళ్ల కుండ పూడ్చారు. పిల్లలు అతని బొటనవేలి మీద కూర్చుని ఐసు తింటున్నారు. నేను ఒక మైకు అతని భుజం దగ్గర, ఇంకోటి ఆడవాళ్లు కూర్చున్న వైపు పెట్టాను.

గోపాల్ నాయుడికి ముందురోజే సంగతి చెప్పాం, చెంగమ్మ కడుపు విషయం తప్ప. మునెమ్మకు పెద్ద కూతురు మేడమే అని చెంగమ్మ తేల్చిన సంగతి చెప్పింది మాత్రం నేను; మేడం కాదు. ఆయన తువ్వాలు ఆడించడం ఆపి మేడం వైపు చూశాడు. "అది ఇంటోళ్ల మాట మేడం. మేము కాదనేదానికి లేదు. మీ ఇష్టం," అన్నాడు. మేడం నోట్‌బుక్కు తెరిచి ఆ మాట రాసుకున్నారు.

మునిరత్నం గద తిప్పుకుంటూ వచ్చాడు. రేణిగుంటలో నేను చూసిన మనిషి ఎక్కడా కనిపించలేదు. మట్టి దుర్యోధనుడి చుట్టూ తిరిగాడు, దుర్యోధనుడి వేషగాడూ అతనూ తిట్టుకున్నారు, పద్యాలు పాడుకున్నారు, మళ్లీ తిట్టుకున్నారు. చివరికి గద తొడ మీద పడింది, కుండ పగిలింది, ఎర్రనీళ్లు ఎగిశాయి. ద్రౌపది వేషగాడు జుట్టు ముడి వేసుకున్నాడు. జనం కేకలు. ఆ తర్వాత ఒక్కసారిగా నిశ్శబ్దం. హెడ్‌ఫోన్లలో నాకు ఐసు పుల్ల నాకుతున్న పిల్లవాడి చప్పుడు కూడా వినబడింది.

గోపాల్ నాయుడు పొరక తెచ్చి దుర్యోధనుడి గుండెల మీద పెట్టి వెనక్కి జరిగాడు. అది తడిగా ఉంది. తడిపి పట్టుకోమన్న చెంగమ్మ మాట నేను ఆయనతో అనలేదు. అది ఆ ఊళ్లో మేం తప్ప అందరికీ తెలిసినదే.

భీముడు తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరూ ఎవరినీ చూడడం లేదు.

మేడం నా పక్కనే నోట్‌బుక్కుతో కూర్చున్నారు. పెన్ను మూత పెట్టడం చూశాను. నోట్‌బుక్కు నా ఒళ్లో పెట్టి, "ఇక్కడినుంచి నువ్వు రాయి. నాకిప్పుడు కుదరదు," అన్నారు. కొంగు నడుముకు చుట్టి, మోకాలి పట్టీ సరిచేసుకుని, చెప్పులు విడిచి నడిచారు.

పొరక అందుకునేటప్పుడు ఒక్క క్షణం మట్టి గుండె మీద చెయ్యి పెట్టారు.

భీముడు పరిగెత్తాలి. పరిగెత్తాడు గానీ, అంత నెమ్మదిగా పరిగెత్తడం కూడా ఒక విద్యే. మొదటి దెబ్బ అతని భుజాన్ని తాకీ తాకకుండా పోయింది.

"ఏందక్కా అది," అన్నాడు భీముడు వెనక్కి తిరిగి, అందరికీ వినబడేట్టు. "అన్నని సంపితే ఈగలు తోలతా ఉండావా?"

ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలి గొంతు: "మీద పడు పెద్దత్తా. వాడు శానా తిన్నోడులే, ఏం కాదు."

అప్పుడు పడింది. టప్పుమని. దాని వెనకే ఇంకోటి, ఇంకోటి. రికార్డరు మీటరు ముల్లు ఎర్ర గీత దాటింది. శబ్దం తగ్గించాలని కూడా నాకు తోచలేదు. భీముడు దుర్యోధనుడి తల చుట్టూ తిరిగాడు, కాళ్ల మీదుగా దూకాడు, కావాలనే జారాడు. మేడం కళ్లజోడు ముక్కు మీదికి జారింది, జుట్టు ఊడింది. "మా అన్నేం జేసినాడురా నీకు," అని అరిచారు. ఆ మాట, ఆ యాస నేను ఆవిడ నోట అంతవరకు వినలేదు. జనం నవ్వుతున్నారు, కొందరు కళ్లు తుడుచుకుంటున్నారు, ఎక్కువమంది రెండూ చేస్తున్నారు. ఈ ఊళ్లో ఈ రెండూ వేర్వేరు పనులు కావు.

ఊపిరందక ఆగారు. భీముడు వచ్చి ఆవిడ ముందు మోకరిల్లాడు. నడుముకు కట్టుకున్న మూటలోంచి చీర తీశాడు. ఆకుపచ్చ రంగు, మెరూన్ అంచు. పసుపు, కుంకుమ పైన పెట్టి రెండు చేతులతో ఇచ్చాడు. "పుట్టినింటి సీర. తీసుకో అక్కా. ఇంగ అన్నయినా తమ్ముడైనా నేనే."

మేడం పొరక కింద పెట్టి చీర తీసుకున్నారు. యుద్ధం ముగిసింది. అందరూ మీదపడి దుర్యోధనుడి మట్టి పిడికెడు పిడికెడు తవ్వుకెళ్లారు, ధాన్యంలో వేస్తే మంచిదట. నాకు చెవి ముక్క దక్కింది. ఇప్పుడది విశాఖలో నా బల్ల మీద ఉంది.

ఆ చీర ఎప్పుడు కొన్నావని తర్వాత మునిరత్నాన్ని అడిగాను. వీపుకు కొబ్బరినూనె రాయించుకుంటూ చెప్పాడు: "మీరు రైలు దిగేదానికి ముందే. సిన్నత్తకి ఎప్పుడూ ఎర్రది. పెద్దత్తకి పచ్చ అంటే ఇష్టమని మా అమ్మ సెప్పింది."

రేణిగుంట, రెండోసారి

నన్ను రైలెక్కించడానికి మేడం కూడా వచ్చారు, ఆకుపచ్చ చీర కట్టుకుని. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చుని పుస్తకం కొత్త ముద్రణ గురించి మాట్లాడారు. తడిపిన పొరక చేర్చాలి. ఇంకా ఒక వాక్యం మార్చాలి. నాలుగో అధ్యాయం మొదట్లో 'మునెమ్మకు ఒక్కతే కూతురు' అని ఉంది.

"ఇద్దరు అని మారిస్తే సరిపోతుందా మేడం?"

"సరిపోతుంది. పెద్దామె కొంతకాలం ఊళ్లో లేదు అని కూడా వెయ్యి."

రైలు ఆలస్యమంటున్నారు. హెడ్‌ఫోన్లు ఆవిడ చెవులకు పెట్టి ఫైలు వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. గద, కుండ, కేకలు, నిశ్శబ్దం. తర్వాత మొదటి దెబ్బ, చాలా మెల్లగా. తర్వాత మిగిలినవి. ఆవిడ కళ్లు తెరిచారు, చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంత గట్టిగా కొట్టానా?"

"మీటరు ఎర్ర గీత దాటింది."

"పాపం రత్నం." అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు. "ఈ టపటపలు తీసేసే సాఫ్ట్‌వేర్ ఏదో ఉంది కదా నీ దగ్గర?"

"అది పాడైపోయింది మేడం," అన్నాను.